ఇరవై అయిదు గ్రాముల్లో ఒక్క కణం

ఎచ్చెర్ల మండలంలో చదువులు హైవే పక్కన ఉంటాయి, వేట సముద్రం పక్కన ఉంటుంది. హైవే మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం. 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై 2008లో సొంతంగా విశ్వవిద్యాలయమైంది. ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ. సముద్రం వైపు దిగితే బుడగట్లపాలెం, బడివానిపేట, డి.మత్స్యలేశం. తెల్లవారుజామున ఒడ్డుకు చేరిన కవళ్లో కానాగంతలో పొద్దెక్కేసరికి బజారులో ఉంటాయి, మధ్యాహ్నానికి పులుసులో ఉంటాయి. అదే చేపలో సాల్మొనెల్లా ఉందో లేదో ప్రామాణిక పద్ధతిలో తేల్చాలంటే, లేదని చెప్పడానికి దాదాపు మూడు రోజులు, ఉందని రూఢి చేయడానికి అయిదు రోజులు పడుతుంది. తిన్నవాడి కడుపు అంతకన్నా ముందే చెప్పేస్తుంది.

ఈ ఎడాన్ని గంటల్లోకి, కుదిరితే నిమిషాల్లోకి తెస్తామన్నది బయోసెన్సర్ల పరిశోధన ఎన్నాళ్లుగానో ఇస్తున్న మాట. పదిహేను నిమిషాల్లో, ఫోను మీదే, పల్లెల్లో కూడా అని పత్రాలు వస్తూనే ఉన్నాయి. అందులో ఏది నిలుస్తుంది, ఏది ప్రయోగశాల గడప దాటలేదు, మన ఉత్తరాంధ్ర తీరానికీ హాస్టళ్లకూ ఏది అక్కరకొస్తుంది అన్నదే ఇక్కడ చూడదలచింది. నా అభిప్రాయం ముందే చెబుతాను: సెన్సర్లు బాగానే ఉన్నాయి. చిక్కంతా చేపకూ సెన్సరుకూ మధ్య ఉంది.

ముందు పాత పద్ధతిని కాస్త గౌరవంగా చూడాలి. 25 గ్రాముల తిండి పదార్థాన్ని 225 మిల్లీ లీటర్ల పెప్టోన్ నీటిలో కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో సుమారు 18 గంటలు ఉంచుతారు. ఎండిపోయి, గడ్డకట్టి, సొమ్మసిల్లిన కణాలు అందులో తేరుకుంటాయి. తర్వాత సాల్మొనెల్లాకు మాత్రమే అనువుగా ఉండే ద్రావణాల్లో మరో రోజు. ఆపైన జెల్లీ పళ్లేల మీద మరో రోజు. అక్కడ నడుమ నల్లటి చుక్క ఉన్న కాలనీలు కనబడితే అనుమానం, రసాయన పరీక్షలూ రక్తరసి పరీక్షలూ అయ్యాక నిర్ధారణ. నెమ్మదైన పనే. కానీ 25 గ్రాముల్లో ఒక్క బతికున్న కణం ఉన్నా పెంచి పోషించి కంటికి కనబడేటంత చేయగల పద్ధతి ఇది. చట్టాలు దీన్నే నమ్ముకున్నాయంటే కారణం ఉంది.

బయోసెన్సరుకు రెండు భాగాలు. ఒకటి గుర్తుపట్టే జీవపదార్థం: ఎంజైమో, యాంటీబాడీయో, డీఎన్ఏ పోగో. రెండోది, ఆ గుర్తింపును విద్యుత్తుగానో కాంతిగానో రంగుగానో మార్చి అంకె చూపించే భాగం. 1962లో అమెరికాలో లీలండ్ క్లార్క్ తన ఆక్సిజన్ ఎలక్ట్రోడుకు గ్లూకోజ్ ఎంజైమును జతచేసే ఆలోచన ప్రచురించడంతో ఈ కథ మొదలైంది. 1975లో ఆస్పత్రుల్లో వాడే యంత్రం అమ్మకానికి వచ్చింది, 1987లో పెన్నంత గ్లూకోజ్ మీటరు వచ్చింది. ఇవాళ షుగరున్న ఇంట్లో అలమరలో ఉండేది అదే. అది అంత చవగ్గా వచ్చాక బాక్టీరియాకు ఎందుకు రాలేదని ఎవరైనా అడుగుతారు.

దానికి జవాబు లెక్కలో ఉంది. రక్తంలో షుగరు వంద ఉన్న మనిషిలో ఒక మిల్లీ లీటరుకు గ్లూకోజ్ అణువులు 3 పక్కన 18 సున్నాలు పెడితే వచ్చేటన్ని. చిన్న చుక్క తీసినా కోట్ల కోట్లు. అదే తిండిలో సాల్మొనెల్లా మీద చట్టం అడిగేది 25 గ్రాముల్లో ఒక్కటి కూడా ఉండకూడదని. ఆ 25 గ్రాములను 225 మిల్లీ లీటర్లలో కలిపితే 250 మిల్లీ లీటర్లవుతుంది. ఎక్కువ సెన్సర్ల మీద పట్టేది ఒక మిల్లీ లీటరులో పదో వంతు. అంటే ఆ ఒక్క కణం మనం తీసిన చుక్కలోనే ఉండే అవకాశం 2,500లో ఒకటి. సెన్సరు ఎంత సున్నితమైనదైనా సరే, చుక్కలో లేనిదాన్ని పట్టలేదు.

కాబట్టి పెంచక తప్పదు. అరగంటకోసారి రెట్టింపయ్యే బాక్టీరియా 8 గంటల్లో 16 సార్లు రెట్టింపై 65 వేలవుతుంది. ఎనిమిది గంటలు చాలా పొడుగనిపిస్తుంది గానీ, 250 మిల్లీ లీటర్లలో పరుచుకుంటే మిల్లీ లీటరుకు 260 కణాలే. మిల్లీ లీటరుకు వెయ్యి ఉంటే గాని పలకని సెన్సరు దాన్ని చూడలేదు. మరో రెండు గంటలాగితే మిల్లీ లీటరుకు 4 వేలు దాటుతాయి, అప్పుడు పలుకుతుంది. పైగా, మంచులో ఉండి సొమ్మసిల్లిన కణం తేరుకుని విభజన మొదలుపెట్టడానికే కొన్ని గంటలు పడుతుంది. ఇదంతా లెక్కేసుకుంటే ‘పదిహేను నిమిషాల పరీక్ష’ అసలు కొలత ఒక పగలూ ఒక రాత్రీ. అయిదు రోజులు ఒక రోజుకు తగ్గడం చిన్న విషయమేమీ కాదు. అలా చెబితే పోయేదానికి పదిహేను నిమిషాలని చెప్పడమే తప్పు.

పెంచకుండా ఏరుకోవడం మరో దారి. యాంటీబాడీలు పూసిన అయస్కాంత రేణువులను 250 మిల్లీ లీటర్లలో కలిపి, కణాలు వాటికి అంటుకున్నాక అయస్కాంతంతో ఒక మూలకు లాగి, చిన్న చుక్కలోకి తేవడం. పద్ధతి మంచిదే, ప్రయోగశాలల్లో వాడుతున్నారు కూడా. కానీ రొయ్య ముద్ద, కొవ్వు, పసరు కలిసిన జావలో ఆ రేణువులకు బాక్టీరియాతో పాటు ప్రోటీనులూ అతుక్కుంటాయి. పరిశోధన పత్రాల్లో మెరిసే అంకెల్లో ఎక్కువ భాగం శుభ్రమైన బఫర్ నీటిలో కలిపిన బాక్టీరియావే. నెత్తళ్ల జావలో అదే సెన్సరు పది రెట్లు, వంద రెట్లు మొద్దుబారవచ్చు. ఏ పత్రం చదివినా నేను మొదట వెతికేది ఈ ఒక్క మాట: నీళ్లలో చూశారా, తిండిలో చూశారా?

గుర్తుపట్టే పదార్థాల్లో యాంటీబాడీలది పాత పేరు. గర్భ పరీక్ష పట్టీలాగే చుక్క వేస్తే రంగు గీత వచ్చే పట్టీలు వాటితోనే తయారవుతాయి. బంగారు నానో రేణువుల ఎర్రరంగే ఆ గీత. యాంటీబాడీలకు వేడి పడదు. చాలా రకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో దాచాలి. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే చోట ఇది చిన్న మాట కాదు. 1990లో రెండు అమెరికా ప్రయోగశాలలు విడివిడిగా చూపిన ఆప్టామర్లు, అంటే పనిగట్టుకుని ఎంపిక చేసిన చిన్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏ పోగులు, వేడిని ఎక్కువ తట్టుకుంటాయి, రసాయనికంగా తయారవుతాయి. మన వాతావరణానికి నా ఓటు వాటికే. జన్యువును చూసే పద్ధతుల్లో జపాన్ శాస్త్రజ్ఞులు 2000లో ప్రచురించిన ల్యాంప్ పద్ధతి బాగా పనికొచ్చింది. పీసీఆర్‌లా వేడెక్కించడం, చల్లార్చడం లేకుండా దాదాపు 65 డిగ్రీల దగ్గర ఒకే వేడిలో నడుస్తుంది. 2017 నుంచి క్రిస్పర్ ఆధారిత పరీక్షలు వచ్చి చేరాయి. జన్యువును చూసే ఈ పద్ధతులన్నిటికీ ఒక లోపం ఉంది: చచ్చిన బాక్టీరియా డీఎన్ఏ కూడా పలుకుతుంది. బాగా ఉడికిన కూరలో సాల్మొనెల్లా ఉందని చెప్పడం నిజమే, పనికిరాని నిజం.

అద్దాల మీద కాంతి వంగడాన్నో, క్వార్ట్జ్ పలక కంపనాన్నో కొలిచే పెద్ద యంత్రాల గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. విశాఖపట్నంలోనైనా వాటికి వేరే గది, వేరే మనిషి కావాలి.

వేగంతో సంబంధం లేని చిక్కు ఇంకొకటి ఉంది. టన్ను రొయ్యల్లో ఏ 25 గ్రాములు తీయాలి? నూటికి ఒక ముక్కకు మాత్రమే సోకి ఉందనుకుందాం. అయిదు ముక్కలు తీసి పరీక్షిస్తే పట్టుబడే అవకాశం నూటికి అయిదు. అరవై తీసినా నూటికి 45. పరిపూర్ణమైన సెన్సరున్నా ఈ అంకె మారదు. ఒక్కో పరీక్ష ధర బాగా పడిపోయి అరవై కాదు ఆరొందలు చేయగలిగితే మారుతుంది. అందుకే వేగంకన్నా ధర ముఖ్యమని నా నమ్మకం. పత్రాలు మాత్రం వేగం గురించే రాస్తాయి.

ఇక మన తీరానికి బాగా దగ్గరి చుట్టం విబ్రియో పారాహీమోలైటికస్. 1950లో జపాన్‌లోని ఒసాకాలో చిన్న చేపలు తిని 272 మంది జబ్బుపడి 20 మంది చనిపోయిన ఘటనలో ఫుజినో అనే శాస్త్రజ్ఞుడు దీన్ని పట్టుకున్నాడు. 1996 ఫిబ్రవరిలో దీనిదే ఓ3:కె6 అనే రకం కోల్‌కతాలో హఠాత్తుగా ఎక్కువై, తర్వాత ఆసియా అంతా, అటుపైన అమెరికా ఖండాలకూ పాకింది. అంటే బంగాళాఖాతం ఒడ్డునుంచే. ఉప్పు నీళ్లు దీని ఇల్లు. అనువైన వెచ్చదనంలో దాదాపు పది నిమిషాల్లో రెట్టింపు కాగలదు, చల్లదనంలో దాదాపు ఆగిపోతుంది. ఒడ్డున ఐసు పెట్టెలో ఐసు ఉందా కరిగిందా అన్నదే దీని సంగతి తేలుస్తుంది.

సెన్సర్ల వైపు నుంచి చూస్తే విబ్రియో ఒక పాఠం. సముద్రంలో దొరికే ఈ జాతి బాక్టీరియాలో ఎక్కువ భాగం మనిషికి హాని చేయవు. టీడీహెచ్, టీఆర్‌హెచ్ అనే జన్యువులున్న కొద్ది రకాలే జబ్బు చేస్తాయి. జాతిని మాత్రమే గుర్తుపట్టే సెన్సరు మన తీరంలో రోజూ మోగుతూనే ఉంటుంది. పదే పదే ఉత్తుత్తిగా మోగితే ఎవరూ పట్టించుకోరు.

రొయ్యల రైతులకు ఈ తేడా శాస్త్రజ్ఞుల కన్నా బాగా తెలుసు. చెరువు నీళ్లు పట్టుకెళ్లి ఆక్వా ల్యాబులో ‘విబ్రియో కౌంట్’ చేయించడం వాళ్లకు మామూలు. టీసీబీఎస్ అనే జెల్లీ పళ్లెం మీద పసుపు కాలనీలు ఎన్ని, పచ్చ కాలనీలు ఎన్ని అని అడుగుతారు. పచ్చవి పెరిగితే గుండె గుబేలుమంటుంది. చక్కెరను పులియబెట్టగల విబ్రియోలు పసుపు రంగు తెస్తాయి, పారాహీమోలైటికస్ పచ్చగా మిగులుతుంది. అదే జాతిలో ఒక రకం రొయ్య పిల్లల కాలేయాన్ని తినేస్తుందని అరిజోనా విశ్వవిద్యాలయంలో డోనల్డ్ లైట్నర్ బృందం 2013లో తేల్చింది; ఆ విషపు జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం మీద ఉంటాయని తర్వాత తెలిసింది. సీడు కొనేముందు తెల్లమచ్చ వైరస్‌కు పీసీఆర్ చేయించారా అని అడగడం, ఐరోపాకు పంపే రొయ్యకు పట్టుబడికి ముందే ఎలీసా పద్ధతిలో యాంటీబయోటిక్ పరీక్ష చేయించడం కూడా వాళ్లకు అలవాటే. పరీక్షలంటే భయపడే జనం కారు వీళ్లు. పచ్చ కాలనీలకు ఒక రోజు ఆగకుండా, ఆ జన్యువులు ఉన్నాయో లేదో గట్టు మీదే గంటలో చెప్పే పెట్టె ఎవరైనా తెస్తే ముందు కొనేది వీళ్లే. విషపు జన్యువును వెతికే ల్యాంప్ పరీక్ష ఈ పనికి సరిపోతుంది. చెరువులో కణాలు మిల్లీ లీటరుకు వందల్లో, వేలల్లో ఉంటాయి కాబట్టి 25 గ్రాముల లెక్క ఇక్కడ అడ్డు రాదు.

ఎగుమతి వ్యాపారం ఎంత పెద్దదంటే, 2023-24లో దేశం 17.81 లక్షల టన్నుల సముద్ర ఉత్పత్తులు పంపి 60,523 కోట్ల రూపాయలు తెచ్చుకుంది. అందులో సింహభాగం రొయ్యది, రొయ్యలో సింహభాగం ఆంధ్రది. అవతలి రేవులో సాల్మొనెల్లా బయటపడితే కంటైనరంతా వెనక్కి. ప్రాసెసింగ్ ప్లాంటుకు సెన్సరు ఉపయోగపడేది చట్టం ముందు రుజువుగా కాదు, లోపల ఏ బల్ల మీద, ఏ తొట్టిలో మురికి మొదలైందో వెంటనే తెలియడానికి. ఇందుకు పనికొచ్చే బయోసెన్సరు ఇప్పటికే ఉంది: మిణుగురు పురుగు వెలుగునిచ్చే ఎంజైముతో పనిచేసే ఏటీపీ మీటరు. బల్లను దూదిపుల్లతో తుడిచి మీటరులో పెడితే క్షణాల్లో అంకె వస్తుంది. ఏ బాక్టీరియానో చెప్పదు, బాక్టీరియానా రొయ్య తుక్కా అన్నదీ చెప్పదు. శుభ్రం కాలేదని మాత్రం చెబుతుంది. చాలాసార్లు తెలియాల్సింది అంతే.

ఇప్పుడు హాస్టళ్ల సంగతి. ఇక్కడ బాక్టీరియా సెన్సరు మీద పెట్టుకున్న ఆశ చాలా వరకు తప్పిపోతుంది. పొద్దున వండి పెద్ద గిన్నెల్లో మూతపెట్టి గోరువెచ్చగా ఉంచిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడిచేసినా చావదు. వడ్డించేవాళ్ల చేతి పుండు నుంచి వచ్చే స్టఫైలోకోకస్ విషమూ అంతే. మళ్లీ వేడిచేసిన అన్నంలో బతికున్న బాక్టీరియాను వెతికే సెన్సరు ‘ఏమీ లేదు’ అంటుంది, పిల్లలు వాంతులు చేసుకుంటారు. ఇక్కడ కావాల్సింది విషాన్ని పట్టే పట్టీ. అంతకన్నా ముందు కావాల్సింది వండిన గంటలు రాసే పుస్తకం. హైదరాబాదులో మోమోలు తిని జనం జబ్బుపడ్డాక తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి పచ్చిగుడ్ల మయొనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. సెన్సరు కోసం ఆగకుండా, ప్రమాదం ఎక్కడ పుడుతుందో తెలిసినప్పుడు అక్కడే కొట్టడం నాకు తెలివైన పనిగానే తోచింది.

మా ప్రాంతంలో ఇటీవలి రెండు దుర్ఘటనలూ నీళ్లవైపే వేలు చూపాయి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. 2025 అక్టోబరులో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల వసతి పాఠశాలలో పచ్చకామెర్లు వ్యాపించి ఇద్దరు విద్యార్థినులు ప్రాణాలు కోల్పోయారు, వంద మందికి పైగా ఆస్పత్రుల పాలయ్యారు. రెండోది హెపటైటిస్-ఎ, వైరస్. బాక్టీరియా సెన్సరు ఎంత గొప్పదైనా దాన్ని చూడదు. మలం కలిసిన నీటి జాడను చూసే పరీక్ష అయితే రెండు చోట్లా ఎంతోకొంత ముందుగా హెచ్చరించగలదు.

అలాంటిది మనదేశంలోనే పుట్టింది, దాన్ని ఎవరూ బయోసెన్సరని పిలవలేదు. రక్షణ పరిశోధన సంస్థలో పనిచేసిన కె.ఎస్. మంజా, సహచరులు 1982లో ప్రచురించిన హెచ్2ఎస్ సీసా అది. పెప్టోన్, థయోసల్ఫేట్, ఇనుప లవణం పీల్చిన కాగితం ముక్క సీసాలో ఉంటుంది. నీళ్లు పోసి వెచ్చటి చోట పెడితే, పేగుల్లో ఉండే బాక్టీరియా గంధకపు వాయువు వదిలి నీళ్లను నల్లగా మారుస్తాయి. ఒకటి రెండు రోజులు పడుతుంది, కరెంటు అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. కొన్ని నేల బాక్టీరియా వల్ల తప్పుగా నల్లబడడం దాని లోపం. జల్ జీవన్ మిషన్‌లో ఊరికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్షల శిక్షణ ఇవ్వాలన్నది నియమం. ఈ సీసా వాళ్ల చేతిలోనే ఉండాల్సింది. క్లోరిన్ ఉందో లేదో చూసే రంగు పరీక్ష కూడా అంతే చవక. క్లోరిన్ సున్నా అయిన పొద్దున్నే మైకులో ‘నీళ్లు కాచి తాగండి’ అని చెప్పడానికి ఏ యాప్ అక్కర్లేదు.

కొత్త పరికరాలకు చట్టంలో చోటు ఉంది. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ త్వరిత పరీక్ష కిట్లకూ పరికరాలకూ ఆమోదం ఇచ్చే పద్ధతి పెట్టింది. కానీ 2006 చట్టం ప్రకారం కేసు నిలబడాలంటే ఫుడ్ ఎనలిస్టు 14 రోజుల్లోగా ఇచ్చే నివేదికే ఆధారం. త్వరిత పరీక్ష జల్లెడగానే పనికొస్తుంది. ఎక్కడ వెతకాలో చెబుతుంది, తీర్పు చెప్పదు. ఈ తేడా తెలియకుండా హోటలు ముందు నిలబడి పట్టీ చూపిస్తూ వీడియో తీస్తే అది అన్యాయమే అవుతుంది.

తెలుగు నేల మీద ఇలాంటి పని జరగలేదని కాదు. ఐఐటీ హైదరాబాదులో శివ్ గోవింద్ సింగ్ బృందం 2018లో పాల కల్తీ పట్టడానికి, ఆమ్లతను బట్టి రంగు మారే నానో పోగుల కాగితాన్ని ఫోను కెమెరాతో చదివే పద్ధతి చూపింది. అది ఫోనుకు లొంగిందంటే, పాలలో ఆమ్లత ప్రతి చుక్కలోనూ ఉంటుంది కాబట్టి. బాక్టీరియా ప్రతి చుక్కలో ఉండదు. పత్రికలు రెండింటినీ ఒకే ‘ఫోను సెన్సరు’ గాటన కట్టేస్తాయి, పాఠకులు వేరుచేసి చూడాలి.

అన్నీ చూశాక నా తీర్పు ఇది. చెరువు గట్టు మీద విబ్రియో విష జన్యువులకు ల్యాంప్ పెట్టె, ప్లాంటులో ఏటీపీ మీటరు, ఊరి ట్యాంకు దగ్గర హెచ్2ఎస్ సీసా, క్లోరిన్ రంగు పరీక్ష: ఇవి ఇవాళ పెట్టుబడి పెట్టదగ్గవి. 25 గ్రాముల్లో ఒక్క సాల్మొనెల్లాను నిమిషాల్లో పట్టే పరికరం ఇప్పట్లో రాదు. వస్తుందని ఎవరైనా టెండరు వేస్తే అధికారులు ప్రశ్నించాలి. బుడగట్లపాలెం ఒడ్డున ప్రస్తుతం అందరికన్నా ఎక్కువ చెప్పగలిగేది ఐసు పెట్టెలో గుచ్చిన థర్మామీటరు.

ఎచ్చెర్లలో ఎం.ఎస్సీ. ప్రాజెక్టులూ ఇంజనీరింగు ప్రాజెక్టులూ రాసే విద్యార్థులకు ఒక మనవి. సెన్సరును బఫర్ నీటిలో పరీక్షించి ఆపేయకండి. పది మైళ్లు కూడా దూరం లేని ఒడ్డుకు వెళ్లి రొయ్యలూ నెత్తళ్లూ తెచ్చి, భద్రత ఉన్న ప్రయోగశాలలో హాని చేయని ఇ.కోలై రకాన్ని కొలిచి కలిపి, చేపను తూచిన నిమిషం నుంచి గడియారం నడిపి, అంకె వచ్చేదాకా మొత్తం ఎంత పట్టిందో రాయండి. ఒక్కో పరీక్షకు ఎన్ని రూపాయలయిందో, నూటికి ఎన్నిసార్లు తప్పిందో కూడా రాయండి. ఈ మూడు అంకెలూ లేని రిపోర్టును గైడ్లు వెనక్కి పంపించాలి.